దూరవిద్యలో ప్రాథమిక తరగతుల ప్రణాళిక, బోధన నేర్చుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటర్మీడియట్‌తోనో డిగ్రీతోనో ప్రైవేటు బడిలో చేరి, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదువు చెబుతున్నవారు ఎందరో ఉన్నారు. ఉద్యోగం మానకుండా, ఇంటి దగ్గర ఉండే బోధన నేర్చుకోవచ్చా అన్నది వారి ప్రశ్న. ఇందులో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఒకటి పట్టాకు సంబంధించినది, రెండోది పనికి సంబంధించినది. ఈ రెంటినీ వేరు చేసుకోకుండా ఫీజు కట్టినవారు తరువాత ఇబ్బంది పడతారు కాబట్టి మొదట పట్టా సంగతి తేల్చుకుందాం.

ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ నియామకాలకు ప్రధానమైన అర్హత రెండేళ్ల డి.ఎల్.ఎడ్., అంటే ప్రాథమిక విద్యలో డిప్లొమా. దీనికి మన రాష్ట్రంలో డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, శ్రీకాకుళం జిల్లా వారు వమరవల్లిలోని డైట్‌లోనో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ), విజయనగరం వారు తమ జిల్లా డైట్‌లోనో, లేదా గుర్తింపు ఉన్న ప్రైవేటు కళాశాలలోనో చేరి రోజూ తరగతులకు హాజరు కావాలి. దూరవిద్య పద్ధతిలో నడిచే డి.ఎల్.ఎడ్., జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనల ప్రకారం, అప్పటికే బడిలో పనిచేస్తున్న శిక్షణ లేని ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించినది. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, అటువంటివారంతా 2019 మార్చి 31లోగా శిక్షణ పూర్తిచేయాలని గడువు పెట్టినప్పుడు, జాతీయ సార్వత్రిక విద్యాపీఠం దేశమంతటా ఈ కోర్సు నడిపింది. ఆ గడువుతో ఆ అవకాశం ముగిసింది. ఆ పట్టా కొత్త నియామకాలకు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో బి.ఎడ్. ఇస్తున్న మాట నిజమే కాని, అందులో ప్రవేశం ప్రాథమిక బోధనలో శిక్షణ పొంది పనిచేస్తున్నవారికీ, ముఖాముఖి పద్ధతిలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసినవారికీ మాత్రమే. ఆపై ప్రవేశ పరీక్ష ఉంటుంది, బోధన మాధ్యమం ఇంగ్లీషు లేదా హిందీ. పైగా బి.ఎడ్. పట్టా ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ నియామకానికి అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల "ఇంట్లో కూర్చుని ఆరు నెలల్లో టీచర్ ట్రైనింగ్" అని గోడల మీద కనిపించే ప్రకటనను నమ్మే ముందు, ఆ కోర్సు ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు జాబితాలో ఉందో లేదో సొంతంగా చూసుకోవాలి. ఏజెంటు మాట దీనికి ఆధారం కాదు.

ఇక పని నేర్చుకోవడం. దీనికి దూరవిద్య బాగానే పనికివస్తుంది, కాని ఒక షరతు ఉంది: చదివిన ప్రతి భాగాన్నీ ఆ వారంలోనే పరీక్షించి చూసుకోవడానికి మీకు పిల్లలు ఉండాలి. ప్రణాళిక రాయడం పుస్తకం చూసి నేర్చుకోవచ్చు; రాసిన ప్రణాళిక ఎక్కడ తప్పిందో మాత్రం పిల్లలే చెప్పాలి. మీరు ఇప్పటికే బడిలో ఉంటే సరే. లేకపోతే ఊళ్లోని ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, "మేష్టారూ, వారానికి రెండు పిరియడ్లు మూడో తరగతికి చెప్పనిస్తారా, నా ప్రణాళిక ముందుగా మీకు చూపిస్తాను" అని అడగండి. అదీ కుదరకపోతే సాయంత్రం ట్యూషనుకు వచ్చే ఏడెనిమిది మంది పిల్లలైనా చాలు. ఏ ఏర్పాటు చేసుకున్నా, ఏడాది పొడవునా అదే పిల్లలతో ఉండాలి. వారానికొక బడి మారితే మీకు తరగతి నడపడం వస్తుందేమో కాని, ప్రణాళిక వేయడం రాదు. ఎందుకంటే జూన్‌లో వేసిన అంచనా డిసెంబరులో ఏమైందో చూసే వీలుండదు.

చదవవలసిన సామగ్రికి పెద్దగా ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో, జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) ఉపాధ్యాయుల కోసం రూపొందించిన నిష్ఠా శిక్షణలో పునాది అక్షరాస్యత, సంఖ్యా పరిజ్ఞానాలపై 12 కోర్సులున్నాయి. సార్వత్రిక విద్యాపీఠం డి.ఎల్.ఎడ్. పాఠ్య సామగ్రిలో భాష, గణితం, పరిసరాల విజ్ఞానం నేర్పడానికి విడివిడి పుస్తకాలున్నాయి. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైటులో చదువుకోవచ్చు. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ విద్యాప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లల గురించి చెబుతుంది, అంటే ఒకటి, రెండు తరగతులు అందులోకి వస్తాయి. వీటన్నిటితో పాటు మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఎలాగూ మీ చేతిలో ఉంటాయి. మందస, మెళియాపుట్టి కొండ దిగువ ఊళ్లలో సిగ్నల్ నమ్ముకోలేం కాబట్టి, పట్నానికి వచ్చినప్పుడు వారానికి సరిపడా వీడియోలు, పీడీఎఫ్‌లు దించుకొని వెళ్లడం మంచిది. వీటిని వరుసగా మొదటి పుట నుంచి చదవవలసిన పనిలేదు. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న భాగం ముందు, అభ్యసన ఫలితాలు తరువాత, బోధన పద్ధతులు ఆపైన చదవండి. విద్య తాత్త్విక పునాదులు, కమిటీల చరిత్ర వంటివి పరీక్షకు అవసరమైతే చివర చూసుకోవచ్చు.

కాలం విషయంలో ఇగ్నో లెక్క ఉపయోగపడుతుంది. వారి విధానంలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు. బడి నుంచి వచ్చాక రోజుకు గంట చదివేవారికి అది నాలుగు నెలల పని. ఈ లెక్క తెలియక ఒకేసారి నాలుగు కోర్సులకు పేరు ఇచ్చి, ఏదీ పూర్తిచేయలేక వదిలేసేవారే ఎక్కువ.

ఏడాది లెక్క

మొదట నేర్చుకోవలసినది వార్షిక ప్రణాళిక. పాఠ్యపుస్తకంలోని పాఠాలను నెలలకు పంచి రాసే పట్టికనే చాలామంది వార్షిక ప్రణాళిక అనుకుంటారు. అది పంపకమే కాని ప్రణాళిక కాదు. ప్రణాళికకు మూడు ఆధారాలు కావాలి: ఏడాది చివరకు పిల్లలకు ఏమి రావాలి, ఇప్పుడు వారికి ఏమి వచ్చు, మధ్యలో మనకు ఎంత కాలం ఉంది.

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడదాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. మూడో తరగతి గణితానికి రోజుకొక పిరియడ్ అనుకుంటే 200 పిరియడ్లు. అందులో జూన్‌లో పిల్లల స్థాయి తెలుసుకోవడానికి 12, నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక పరీక్షలకు 20, పండుగ కార్యక్రమాలకూ వర్షం సెలవులకూ 15, వెనకబడినవారికి మళ్లీ చెప్పడానికి 25 తీసేస్తే మిగిలేవి 128. పుస్తకంలో పది యూనిట్లుంటే సగటున ఒక్కొక్కదానికి 12 పిరియడ్లకు మించి రావు. ఈ అంకెలు ఉదాహరణకు ఇచ్చినవే. మీ బడి రిజిస్టరు చూసి మీ అంకెలు మీరు వేసుకోవాలి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలను నమ్మి బరువైన యూనిట్ పెట్టుకోరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వచ్చింది ఈ కాలంలోనే. దసరా సెలవులు కూడా దీనికే తోడవుతాయి, విజయనగరంలోనైతే సిరిమానోత్సవం వారమంతా హాజరు పలచబడుతుంది. కాబట్టి గుణకారం, భాగహారం వంటి వరుసగా సాగవలసిన అంశాలను దసరాకు ముందో, కార్తీకం గడిచాకో పెట్టి, మధ్యలో ఆకారాలు, కొలతలు వంటి విడిగా నిలబడగల అంశాలను ఉంచడం తెలివైన పని.

ఏమి రావాలి అన్నదానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. 2017లో వెలువరించిన అభ్యసన ఫలితాలు, పాఠ్యపుస్తకంలో ఇచ్చిన విద్యా ప్రమాణాలు ఆధారం. పునాది అక్షరాస్యత, సంఖ్యా పరిజ్ఞానం కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం రెండో తరగతి చివరకు 999 వరకు, మూడో తరగతి చివరకు 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. చదవడంలో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలని అదే లక్ష్యాల్లో ఉంది కాని, తెలుగు పదం పొడవు వేరు. రెండు మూడు మాటలు ఒకే పదంగా కలిసిపోతాయి. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో 20 భాషల్లో అధ్యయనం చేసి భాషకొక ప్రమాణం విడిగా పెట్టడానికి కారణం కూడా ఇటువంటి తేడాలే. గడియారం పట్టుకొని పిల్లలను పరిగెత్తించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఇప్పుడు ఏమి వచ్చు అన్నది. మొదటి రెండు వారాల్లో ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ విడిగా పిలిచి, ఒక చిన్న పేరా చదివించండి, రెండంకెల కూడిక, తీసివేత చేయించండి, ఒక బొమ్మ చూపి నాలుగు మాటలు చెప్పించండి. పేరు పక్కన మార్కు రాయకండి. చేసింది ఏమిటో రాయండి. "గుణింతం చదువుతాడు, ఒత్తుల దగ్గర ఆగిపోతాడు" అన్న ఒక్క వాక్యం పదికి ఆరు అన్న మార్కు కంటే ప్రణాళికకు ఎక్కువ ఉపయోగం. ఐదో తరగతిలో కూడా రెండో తరగతి పుస్తకం చదవలేనివారు కనిపిస్తారు. వారిని కూడా లెక్కలోకి తీసుకొని వేసినదే ప్రణాళిక.

ఒక యూనిట్ ఎలా కట్టాలి

వార్షిక ప్రణాళిక తరువాతది యూనిట్ ప్రణాళిక. ఇక్కడ చివరి నుంచి వెనక్కి రావాలి: యూనిట్ అయ్యాక పిల్లలు ఏమి చేసి చూపిస్తే వారికి వచ్చినట్టు అని ముందు రాసి, దానికి తగిన పిరియడ్లు తరువాత వేసుకోవాలి. నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానంలో బట్టల గురించి చెప్పాలనుకోండి. ఖద్దరుకు పేరున్న పొందూరు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అక్కడ పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలాగా వాడతారు. ఏకిన పత్తిని అరటి దొప్పలో భద్రపరుస్తారు. ఆపైన నూలు వడికి బట్ట నేస్తారు. ఒక్క బట్ట వెనక పత్తిచేను, చేప, అరటిచెట్టు, మనిషి చేయి ఉన్నాయని పిల్లలు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? యూనిట్ చివర పిల్లలు చేయవలసినది ఇలా రాసుకోవచ్చు: "పత్తికాయ నుంచి పంచె దాకా జరిగే పనులను వరుసలో బొమ్మలు వేసి, ప్రతి పనికీ ఎవరు, దేనితో చేస్తారో ఒక వాక్యం రాస్తారు." దీనికి ఎనిమిది పిరియడ్లు చాలు. మొదటిదానిలో ఇళ్ల నుంచి తెచ్చిన గుడ్డముక్కలను తాకి, నలిపి, నీటిలో తడిపి పోల్చడం. తరువాతి రెండింటిలో పత్తి నుంచి గింజ తీయడం, చేత్తో దారం పేని చూడడం. నాలుగోదానిలో ఊళ్లో నేత తెలిసిన పెద్దలుంటే వారిని బడికి పిలవడం, లేకపోతే ఫొటోలు. ఆ ముందురోజే పిల్లలతో ప్రశ్నలు తయారు చేయించాలి, లేకపోతే వచ్చిన పెద్దాయన ఉపన్యాసం ఇచ్చి వెళ్తారు. ఐదు, ఆరు పిరియడ్లు పాఠ్యపుస్తకం చదవడానికి; అప్పటికి పిల్లలకు అందులోని సంగతి సగం తెలిసి ఉంటుంది కనుక చదువు సులువుగా సాగుతుంది. చివరి రెండు పిరియడ్లు బొమ్మలు, వాక్యాలు.

బొబ్బిలి ప్రాంతంవారు పనస మానుతో చేసే వీణ తీసుకోవచ్చు, టెక్కలి వైపు వారు తేలినీలాపురానికి వచ్చే పక్షులను తీసుకోవచ్చు. అయితే స్థానిక విషయం ఉన్నంత మాత్రాన పాఠం బాగుపడదు. అది ఆ యూనిట్ అభ్యసన ఫలితానికి అతకాలి. ఏ యూనిట్‌కైనా థర్మోకోల్ నమూనా చేసి గోడకు తగిలించే అలవాటు మీద నాకు పెద్ద గౌరవం లేదు. దాన్ని చేసిన ఉపాధ్యాయునికి తప్ప అది ఎవరికీ ఏమీ నేర్పదు.

ఒక్క పిరియడ్

దుకాణాల్లో అచ్చువేసిన పాఠ్యపథకాల పుస్తకాలు దొరుకుతాయి. వాటిని చూసి రికార్డు నింపితే మార్కులు రావచ్చు, కాని పాఠ్యపథకం రాయడంలో అసలు పని వాటిలో ఉండదు. ఆ పని పిల్లలు ఏమి జవాబు చెబుతారో ముందుగా ఊహించడం. మూడో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే చాలామంది 35 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేయాలన్న నియమాన్ని వారు సొంతంగా తయారు చేసుకున్నారు. ఏడులో రెండు పోతే ఐదు, ఐదులో రెండు పోతే మూడు. ఆ నియమం అంతకుముందు చేసిన లెక్కలన్నిటికీ పనిచేసింది కూడా. అందుకని "తప్పు, మళ్లీ చేయి" అంటే వారు మళ్లీ 35 అనే రాస్తారు.

ప్రణాళికలో ఈ జవాబును ముందుగానే రాసుకున్న ఉపాధ్యాయులు చీపురు పుల్లలను పదేసి కట్టలు కట్టి తెస్తారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు బల్ల మీద పెట్టి 27 ఇవ్వమంటారు. పిల్లలు రెండు కట్టలు ఇచ్చి, ఏడు విడి పుల్లల కోసం వెతుకుతారు, రెండే ఉన్నాయి. ఇక్కడ ఉపాధ్యాయులు నోరు మెదపకూడదు. ఎవరో ఒకరు కట్ట విప్పుదామంటారు. విప్పాక విడి పుల్లలు పన్నెండు, అందులో ఏడు పోగా ఐదు, మిగిలిన కట్టలు రెండు, మొత్తం 25. అప్పుడు పలక మీద 35 రాసినవారిని ఆ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడమనాలి. పుల్లలతో నాలుగైదు లెక్కలు చేశాక కట్టల బొమ్మలు గీసి, ఆపైనే అంకెలతో చేయించాలి. ఎవరూ కట్ట విప్పుదామనకపోతే ఏమి చేయాలో కూడా పథకంలో ఒక వాక్యం ఉండాలి. ఉదాహరణకు పది రూపాయల నోటుకు చిల్లర అడిగే సన్నివేశం ఆడించవచ్చు.

కాబట్టి పాఠ్యపథకంలో తప్పనిసరిగా ఉండవలసినవి ఆశించిన ఫలితం, అడగబోయే నాలుగైదు ప్రశ్నలు అదే మాటల్లో, ఊహించిన జవాబులు, పిరియడ్ చివర ఎవరికి వచ్చిందో తెలుసుకునే ఒక చిన్న పని. ఒక పుట చాలు. కింద నాలుగు వరుసలు ఖాళీగా ఉంచి, పిరియడ్ అయిన రోజునే ఏమి జరిగిందో రాయాలి. 40 నిమిషాల పిరియడ్‌కు గంట తయారీ అంటే కొత్తవారికి భారమనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు వారానికి 45 గంటలు నిర్ణయించినప్పుడు తయారీ గంటలను కూడా అందులోనే లెక్కగట్టిందని ప్రధానోపాధ్యాయులకు మర్యాదగా గుర్తుచేయవచ్చు.

రెండు తరగతులు ఒక గదిలో

శిక్షణ పుస్తకాలు ఒక గదిలో ఒక తరగతినే ఊహించి రాస్తాయి. చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరే ఉపాధ్యాయులు, తరగతులేమో ఐదు. మన పల్లె బడుల్లో సగటు పరిస్థితి ఇదే. అందువల్ల మీ ప్రణాళికలో మొదటి నుంచే రెండు నిలువు వరుసలు పెట్టుకోండి: ఒక గుంపుకు నేను చెబుతున్నప్పుడు రెండో గుంపు నేను లేకుండా ఏమి చేస్తుంది? ఆ పని నిన్న నేర్చుకున్నదానికి సాధన అయి ఉండాలి, కొత్త విషయం కాకూడదు. పునాది దశ చట్రం గణితానికి సూచించిన నాలుగు భాగాలు, అంటే లెక్కల గురించి నోటితో మాట్లాడడం, నైపుణ్యం నేర్పడం, సాధన, ఆటలు ఇక్కడ చక్కగా ఇమిడిపోతాయి. మొదటి రెండింటికీ ఉపాధ్యాయులు కావాలి, తరువాతి రెండూ పిల్లలు గుంపుల్లో చేసుకోగలరు. పరిసరాల విజ్ఞానంలోనైతే మూడు, నాలుగు, ఐదు తరగతులకు ఒకే విషయం తీసుకొని, పనిని మాత్రం స్థాయిని బట్టి మార్చవచ్చు. మూడో తరగతి బొమ్మ గీస్తుంది, నాలుగో తరగతి వాక్యాలు రాస్తుంది, ఐదో తరగతి పట్టిక వేసి పోల్చుతుంది.

భాష సంగతి విడిగా చెప్పాలి. మందస కొండల్లో సవర పిల్లలు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే పిల్లలు, మిగిలిన చోట్ల మన ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే పిల్లలు, ముగ్గురికీ పాఠ్యపుస్తకం భాష ఎంతో కొంత కొత్తదే. రాష్ట్ర పుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు ఉన్నాయి కనుక ఇంగ్లీషు మాధ్యమం బడుల్లో ఆ కొత్తదనం రెట్టింపవుతుంది. పిల్లలు మొదట తమ ఇంటి మాటలో చెప్పడానికి ప్రతి పిరియడ్‌లోనూ ఐదు నిమిషాలు ప్రణాళికలోనే కేటాయించాలి. వారి యాసను దిద్దడం ఆ ఐదు నిమిషాల్లో నిషేధం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. మీకు సవర రాకపోతే, రెండు భాషలూ వచ్చిన పెద్ద తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని వంద మాటలైనా నేర్చుకోండి.

దూరవిద్యలో పెద్ద లోటు మీ పాఠాన్ని చూసి చెప్పేవారు లేకపోవడం. దీన్ని మీరే పూడ్చుకోవాలి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో నెలకొకసారి మీ పిరియడ్‌ను ఫోనులో ధ్వని మాత్రం రికార్డు చేసుకొని వినండి. మీరు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి "అవునండీ" అన్న జవాబు సరిపోయింది, ఇవి లెక్కపెట్టండి. సహోద్యోగి ఒకరిని వెనక బల్ల మీద కూర్చోమని, ఒకే ఒక్క విషయం చూడమనండి, ఉదాహరణకు చివరి వరుస పిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారని. "పాఠం బాగుందా?" అని అడిగితే "బాగుంది మేష్టారూ" అనే అంటారు.

అసైన్‌మెంట్లకు ఈ రికార్డులే ముడిసరుకు. ఇగ్నో కోర్సుల్లో ఎక్కువగా 30 శాతం వరకు మార్కులు అసైన్‌మెంట్లకు ఉంటాయి. ప్రశ్న ఏదైనా, పుస్తకంలోని నిర్వచనం రెండు వాక్యాల్లో చెప్పి, తరువాత మీ తరగతిలో జరిగినదాన్ని తేదీతో, పిల్లల జవాబులతో రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయవద్దు. గడువుకు నెలరోజుల ముందే జవాబు పత్రాలు పూర్తిచేసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకొని, అధ్యయన కేంద్రంలో ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. ఏప్రిల్‌లో బడి మూసే ముందు మీ వార్షిక ప్రణాళికను బయటకు తీసి, ప్రతి యూనిట్ పక్కన అనుకున్న పిరియడ్లు, పట్టిన పిరియడ్లు వేర్వేరు రంగుల్లో వేయండి. జూన్‌లో మీరు రాసిన పిల్లల వాక్యాల కింద ఇప్పటి వాక్యం రాసి, ఆ కాగితాలను తరువాతి తరగతి చెప్పబోయే ఉపాధ్యాయులకు అప్పగించండి. వచ్చే జూన్‌లో పిల్లల స్థాయి తెలుసుకోవడానికి పట్టే ఆ 12 పిరియడ్లలో వారికి సగమైనా కలిసివస్తాయి.